కాకికి ఫుల్ టిక్కెట్టు

ఈ భూమ్మీద కాకికి ఫుల్ టిక్కెట్టు కొని, కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి, సముద్రం చూపించడానికి తీసుకెళ్ళిన మొనగాడు ఒక్కడే. ఇంగ్లీషువాళ్ళు రెండొందల ఏళ్ళు ఈ దేశాన్ని ఏలారు. రైళ్ళు వేశారు, వంతెనలు కట్టారు. వాళ్ళలో ఒక్కడికైనా ఈ ఆలోచన వచ్చిందా? రాలేదు. చోడవరంలో బెల్లం వండే బంగార్రాజుకి వచ్చింది. ఆయన మా తాత. చరిత్ర పుస్తకంలో ఆయన పేరు ఎందుకు లేదో నాకు తెలియదు. నేను ఆరో తరగతితో ఆపేశాను, బహుశా ఏడో తరగతి పుస్తకంలో ఉందేమో.

కాకి సంగతి చెప్పాలంటే ముందు మా ముత్తాత పెదబాబు సంగతి చెప్పాలి. ఆయన డెబ్భై రెండేళ్ళు బతికాడు. ఆ డెబ్భై రెండేళ్ళూ అటు మాడుగుల, ఇటు అనకాపల్లి దాటి ఎరగడు. ముసలితనంలో ఎవరి పెళ్ళిలోనో పక్కన కూర్చున్నవాడు భీమిలి, అంటే భీమునిపట్నం గురించి చెప్పాడు. గోస్తని నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఊరనీ, వెనకటికి ఒలందా దొరలు, అంటే డచ్చివాళ్ళు, ఓడలేసుకొచ్చి అక్కడ కాపురం పెట్టారనీ, వాళ్ళ సమాధులు గోపురాల్లా కోసుగా ఇంకా నిలబడే ఉన్నాయనీ, దీపస్తంభం ఉందనీ ఊదరగొట్టాడు. పెదబాబుకి దొరలూ పట్టలేదు, దీపమూ పట్టలేదు. ఆయన అడిగింది ఒకటే.

"నది నీలు సప్పన, సముద్రం నీలు ఉప్పన గదా. కలిసినకాడ ఎలాగుంతాది?"

ఆ పక్కవాడు రుచి చూడలేదు. దాంతో పెదబాబుకి భీమిలి వెళ్ళాలని పట్టుకుంది.

అది 1952. చెరుకు గానుగ జోరుగా ఆడుతోంది. మా తాత బెల్లం పెనం ముందు నిలబడి పాకం చూస్తున్నాడు. పాకం చూడటమంటే మాటలు కాదు. ఒక బొట్టు నీళ్ళలో వేసి, వేళ్ళ మధ్య నలిపి, దించే క్షణం చెప్పాలి. ఒక్క బుడగ ముందు దించితే బెల్లం గట్టిపడదు, ఒక్క బుడగ తర్వాత దించితే మాడుతుంది. ఆ పనిలో మా తాతని మించినవాడు రావికమతం దాకా లేడు. సరిగ్గా అలాంటి సమయంలో పెదబాబు కర్ర పొడుచుకుంటూ వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఒరే బంగారీ, నన్నొకపాలి భీమిలి తీసుకెల్రా."

"గానుగ అవ్వనీ అయ్యా. తీసుకెల్తాను," అన్నాడు మా తాత, తల తిప్పకుండా.

"ఎప్పుడవుతాది?"

"సెరుకు అయినప్పుడు."

చెరుకు ఇంకా నెల్లాళ్ళకి సరిపడా ఉండగానే, మాఘమాసంలో, పెదబాబు నిద్రలో పోయాడు.

పదకొండో రోజున పెరట్లో పిండం పెట్టారు. గానుగ దగ్గర ఒక కుంటికాకి ఉండేది. రసం మరిగేటప్పుడు పైకి తేలే మడ్డిని తీసి పారేస్తే అదే దానికి విందు. పెదబాబు బతికున్నప్పుడు తన కంచంలోంచి కూడా దానికి ముద్ద విసిరేవాడు. ఆ కాకి వచ్చింది. పిండం చుట్టూ ఒక్క కాలి మీద గెంతింది. మా తాత వైపు ఒకసారి చూసింది. ఎగిరిపోయింది. ఇంక ఏ కాకీ రాలేదు.

పెదబాబు చెల్లెలు అచ్చియ్యమ్మ బుచ్చయ్యపేట నుంచి వచ్చి ఉంది. మా తాతకి మేనత్త. ఆమె వసారాలో కాళ్ళు చాపుకుని తీర్పు చెప్పేసింది.

"మా అన్న ఈడ తినడు. అన్న అడిగింది భీమిలి. నువ్వేటో గానుగన్నావు. ఇప్పుడు పెదబాబు ఆకలితో ఉండిపోనాడు. నీ సెరుకు నువ్వాడించుకో."

ఆ మాట మా తాతకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆ వారంలో రెండు పెనాలు మాడ్చాడు. మాడిన బెల్లం తారులా నల్లగా వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక బంగార్రాజు పెనం మాడ్చడం ఊళ్ళో ఎవరూ చూడలేదు. మా మామ్మ నూకరత్నం ఆ బెల్లాన్ని చూసి, "ఎల్లిరా, భీమిలి ఎల్లిరా. నేకపోతే మనం బొగ్గులమ్ముకోవాల," అంది.

గానుగని మధ్యలో ఆపి తాతా మామ్మా భీమిలి వెళ్ళారు. చోడవరంలో బస్సెక్కి పట్నంలో దిగి, అక్కడ భీమిలి బస్సు మారారు. గోస్తని సముద్రంలో కలిసే చోట స్నానం చేశారు. వేంకటరమణమూర్తి అనే పంతులుగారు మంత్రాలు చదివి పిండం పెట్టించారు. భీమిలి కాకులు అటు చూస్తే ఒట్టు. అవన్నీ పడవల దగ్గర, వలలోంచి రాలే చేపల కోసం కొట్టుకుంటున్నాయి. మధ్యాహ్నం దాకా ఇసకలో కూర్చున్నారు.

"ఈ ఊరి కాకులు చేపలు మరిగాయి నాయనా. ఆవుకు పెట్టెయ్యి, దోషం లేదు," అన్నారు పంతులుగారు.

"మా అయ్యని ఆవు కుమ్మితే మూడు నెల్లు మంచం దిగలేదు పంతులుగోరు. దాని నోటితో తింతాడా?"

మరుసటేడు మళ్ళీ వెళ్ళారు. అప్పుడూ అంతే. కాకపోతే ఈసారి ఒక కాకి దిగి, పిండం పక్కనున్న పీత పిల్లని పట్టుకుపోయింది.

మా తాత ఆ ఏడంతా ఆలోచించాడు. పెనం ముందు ఆలోచించాడు, పొలంగట్టు మీద ఆలోచించాడు. 1954లో గానుగ మొదలయ్యేసరికి లెక్క తేలింది. మామ్మని పిలిచి చెప్పాడు.

"సూడు. సోడవరం కాకికి మా అయ్య తెలుసు, గానీ సోటు సరైంది కాదు. భీమిలి సోటు సరైందే, గానీ ఆ కాకులకి మా అయ్యెవడో తెలీదు. తెలీనోడి కూడు ఎవరు తింతారు? తెలిసిన కాకిని ఆ సోటుకి తీసుకెల్లాల."

మామ్మ చేట పక్కన పెట్టి, భర్త నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు.

కుంటికాకిని పట్టుకోవడం అంత సులువు కాదు. వల వేస్తే రాలేదు. గంప బోర్లిస్తే దాని మీదే ఎక్కి కూర్చుంది. చివరికి మా తాత తన విద్యనే వాడాడు. పాకాన్ని సరిగ్గా ఒక్క బుడగ ముందు దించి, చల్లార్చి, అరిటాకు మీద పలచగా పరిచాడు. గట్టిపడని పాకం. పైన మడ్డి చల్లాడు. కాకి దిగింది, తిన్నది, లేవబోయింది. అరిటాకు కూడా లేచింది. జానెడు ఎగిరి, ఆకుతో సహా మామ్మ ఒళ్ళో పడింది. గోరువెచ్చని నీళ్ళతో దాని కాళ్ళు కడిగి కోళ్ళగంపలో పెట్టారు. అది మూడు రోజులు పట్టు వదలకుండా అందర్నీ తిట్టింది.

బస్సు దగ్గర కండక్టరు గణపతిరావు గంపని చూశాడు. పైన కప్పిన తువ్వాలు ఎత్తి చూశాడు. మళ్ళీ కప్పేశాడు.

"కోడికి లగేజీ ఉంది, మేకకి లగేజీ ఉంది. కాకికి మా కంపినీలో ఏటీ లేదు. దింపేయి బంగార్రాజూ."

"అది కాకి కాదు బాబూ. మా అయ్య."

"మీ అయ్యా?"

"పెదబాబు. నీకెరికే గదా. భీమిలి సూడాలని అడిగేడు, తీసుకెల్తన్నాను."

గణపతిరావు పెన్సిలుతో చెవి గోక్కున్నాడు. "కాకైతే దింపేయి. మనిసైతే టిక్కెట్టు తీయి. పోనీ, సిన్న పేణం గదా, హాఫ్ కొట్టీమంతావా?"

మా తాతకి నిజంగా కోపం వచ్చింది. "డెబ్బై రెండేల్ల మనిసికి హాఫ్ టిక్కెట్టేటి? మరేద తెలవదా నీకు? పుల్ కొట్టు."

ఫుల్ టిక్కెట్టు కొట్టాక సీటు ఇవ్వక తప్పదు. అదీ కిటికీ పక్కదే కావాలన్నాడు మా తాత. అక్కడ ఒక కరణంగారు కూర్చుని ఉన్నారు. ఆయన సబ్బవరం దాకా నిలబడి ప్రయాణం చేస్తూ, తాను కాకి కోసం లేచిన సంగతి ఎవరికీ చెప్పకండని బస్సులో ఉన్న అందరికీ విడివిడిగా చెప్పుకున్నారు. పట్నంలో మారిన భీమిలి బస్సులో మాత్రం ఏ పేచీ రాలేదు. అందులో అప్పటికే రెండు మేకలూ, పెళ్ళికి కట్టిన అరిటిగెల ఒకటీ, పెళ్ళికూతురూ ఉన్నారు. కాకిని ఎవరూ గమనించలేదు.

నది సముద్రంలో కలిసే చోట పంతులుగారు మంత్రాలు చదివారు. ఆకులో పిండం పెట్టి, మా తాత గంప మూత తీసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అయ్యా, వచ్చేసేం. తిను," అన్నాడు.

కాకి బయటికి వచ్చింది. సముద్రాన్ని చూసింది. మా మామ్మ ఇప్పటికీ చెబుతుంది, అది అచ్చం పెదబాబు చూసినట్టే మెడ వంచి చూసిందని. తర్వాత పిండం జోలికి వెళ్ళకుండా ఊళ్ళోకి ఎగిరిపోయింది.

మా తాత ఆకు ఎత్తుకుని పరిగెత్తాడు. తడిపంచెతో ఇసకలోంచి రోడ్డెక్కాడు. వెనక మామ్మ. ఆమె వెనక, "పిండం కదిలించకూడదయ్యా," అంటూ పంతులుగారు. బజారు జనం దొంగని తరుముతున్నారనుకుని దారి ఇచ్చారు. కాకి వెళ్ళి వెళ్ళి ఒలందా దొరల సమాధుల్లో దిగింది. అన్నిటికన్నా కోసుగా ఉన్న సమాధి మొన మీద కూర్చుంది. మా తాత ఆయాసపడుతూ దాని మెట్టు మీద ఆకు పెట్టి, రెండడుగులు వెనక్కి వేశాడు.

కాకి కిందికి దిగి పిండం మొత్తం తినేసింది. నువ్వులు కూడా ఏరుకుని తిన్నది. తిన్నాక ముక్కు దొరగారి సమాధికి తుడుచుకుని పడవల వైపు ఎగిరిపోయింది. మళ్ళీ రాలేదు. మా తాత అక్కడే గడ్డిలో కూలబడి కండువాతో ముఖం కప్పుకున్నాడు. పంతులుగారు శాస్త్రం పక్కన పెట్టి, ఖాళీ ఆకు తీసి మడిచారు.

ఇంటికొచ్చాక అచ్చియ్యమ్మ అంతా విని, ఒక్క ప్రశ్న వేసింది.

"దొర సమాది మీద పెడితే మా అన్నకెలా ఎల్తాది? దొర మింగేసేడు."

"ఆ దొర సచ్చి వందల ఏల్లయ్యింది అత్తా. ఆడికి ఆకలేటి?"

"వందల ఏల్లు తిండి నేనోడికి ఆకలుండదేటి?"

దీనికి జవాబు మామ్మ దగ్గర ఉంది. "ఈసారి రెండు పెడదాం. ఆ దొరకీ ఎవరున్నారు కనక పెట్టడానికి," అంది. అచ్చియ్యమ్మ ఒప్పుకుంది. ఎందుకంటే దొరకి అన్నం పెట్టే ఇల్లని బుచ్చయ్యపేటలో చెప్పుకోవచ్చు.

1955లో గణపతిరావు గంప కోసం వెతికాడు. "కాకేదీ?"

"అక్కడే ఉండిపోనాది. మూడు టిక్కెట్లు కొట్టు."

"ఇద్దరే ఉన్నారు గదా."

"కిందటేడు కాకికి కొన్నాననుకున్నావా? మా అయ్యకి కొన్నాను."

కిటికీ పక్క సీటు మీద తువ్వాలు పరిచి, పక్కన మా తాత కూర్చున్నాడు. అప్పటి నుంచి ఏటేటా అంతే. గానుగ ఎంత జోరుగా ఉన్నా సరే, మాఘమాసంలో రెండు రోజులు పెనం చల్లగా ఉంటుంది. బస్సు కిక్కిరిసినా ఆ సీటు ఖాళీ. ఒకసారి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు కూర్చోబోతే గణపతిరావే అడ్డుపడ్డాడు. "అక్కడ పెద్దమనిసున్నాడండి. మీరు నిలబడండి." ఇన్‌స్పెక్టరు తువ్వాలుకి సారీ చెప్పి నిలబడ్డాడు. భీమిలిలో మా తాత నది కలిసే చోట దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని, పాకం చూసినట్టు కళ్ళు మూసుకుని, ఉమ్మేసి, పక్కన ఎవరో ఉన్నట్టు "ఉప్పే" అంటాడు.

ఇదంతా రాసి మా తాతకి చదివి వినిపించాను. ఆయన చుట్ట కాలుస్తూ విన్నాడు. అదను చూసి, ఎప్పటి నుంచో అడగాలనుకున్నది అడిగేశాను.

"తాతా, నిజిం సెప్పు. ఆ రోజు తిన్నాది ముత్తాతా, దొరా?"

"కాకిరా. మూడు రోజులు గంపలో ఉంది, ఆకలేసి తిన్నాది. ఆ మాత్రం తెలీదేటి?"

"మరి ఏటేటా ఆ మూడో టిక్కెట్టెందుకు?"

"తీసుకెల్తానన్నాను. తీసుకెల్తన్నాను. ఇంక నోర్ముయ్ గుంటడా."