కాలరక్క సంతకం

చొక్కాలు కుట్టే ఆ కార్ఖానాలో అందరూ ఆమెను కాలరక్క అనే పిలుస్తారు. పద్దెనిమిదేళ్లుగా ఆమెది ఒకటే పని. ప్రతి కట్టలోంచి ఒక కాలర్ తీసి నీళ్లలో ముంచి, ఇస్త్రీ పెట్టి, బొటనవేలితో వంచి చూడటం. లోపలి గట్టి గుడ్డ సరిగా అతుక్కోకపోతే పైన పొక్కులు లేస్తాయి. అప్పుడు కట్ట మొత్తం వెనక్కే. "కాలర్ స్టిఫ్‌గా ఉంటేనే అది చొక్కా" అని, చేరిన రోజు మేస్త్రీ చెప్పాడు. ఆమెకు పట్టుబడిన మొదటి ఇంగ్లీషు ముక్క అదే.

ఆ సోమవారం ఎనిమిది కట్టలు వెనక్కి పంపింది. సూపర్‌వైజరు పరుగున వచ్చాడు.

"కింద లారీ నిలబడి ఉంది. ఇవాళ ముంచడాలూ తేల్చడాలూ పెట్టుకోకు. పాస్ ముద్ర వేసెయ్."

"పొక్కులొచ్చాయి సార్."

"ఉతికాక కదా వచ్చేది! ఉతికేది నువ్వా?"

"ఎవరో ఒకరు ఉతుక్కోవాలి కదా సార్."

పక్క మిషను మీది వదిన కిసుక్కున నవ్వింది. అక్కడే చెడింది.

మధ్యాహ్నానికి కాగితం వచ్చింది. ఆమెను దారాలు కత్తిరించే బల్లకు మారుస్తున్నారట. కారణం దగ్గర ఒక్కటే ఇంగ్లీషు మాట. కూడబలుక్కుని చదివింది. స్టిఫ్.

"ఇది కాలర్‌కి కదా రాయాలి వదినా?"

"మనుషులకీ రాస్తారే. బిర్రబిగుసుకుపోయింది, చెప్పిన మాటకు వంగదు అని. మా ఆయన మెడ పట్టేస్తే డాక్టరూ అదే రాశాడు. చవకైన మాట, అందరికీ సరిపోతుంది!"

కాలరక్కకు నవ్వు రాలేదు. నిజంగా బిగుసుకుపోయినవి ఆమె వేళ్లు. ఏళ్ల తరబడి నీళ్లలో నాని, పొద్దున్నే గ్లాసు పట్టుకోవడానికి కూడా ముడుచుకోవు. ఆ సంగతి ఏ కాగితంలోనూ ఎవరూ రాయలేదు. గుడ్డ వంగకపోతే మెచ్చుకుంటారు, మనిషి వంగకపోతే బల్ల మారుస్తారా? ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"సంతకం పెట్టు" అన్నాడు సూపర్‌వైజరు.

పెన్ను అందుకుంది. ఆ మాట కింద, తనకొచ్చిన గుండ్రటి అక్షరాలతో తెలుగులో రాసింది: 'ఎనిమిది కట్టల కాలర్లకు పొక్కులొచ్చాయి. పాస్ చెయ్యమన్నారు, చెయ్యలేదు. అందుకే ఈ మాట రాశారు.' దాని కింద సంతకం పెట్టింది.

అతని ముఖం మాడిపోయింది. "ఇదేంటి? పైవాళ్లు చదివితే?"

"చదవాలనే రాశాను సార్."

"ఇది చెల్లదు. ఇంకో కాగితం తెస్తాను."

"తెండి. దానిమీదా ఇదే రాస్తాను."

అతను విసవిసా ఆఫీసు గదికి వెళ్లాడు. అతను వచ్చేలోగా తొమ్మిదో కట్ట విప్పి, ఒక కాలర్ తీసి నీళ్లలో వేసింది.