కుంకుమ పెట్టిన అడాప్టర్

చచ్చిన అడాప్టర్‌ను పట్టకారు మొనతో బతికించిన మొనగాణ్ణి మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా నేనొక్కణ్ణేనని టీ బంకు దగ్గర చాలాసార్లు చెప్పాను. కంప్యూటర్ పొగలు కక్కిందనీ, వీధి వీధంతా వచ్చి చూసిందనీ కూడా చేర్చేవాణ్ణి. పొగా రాలేదు, వీధీ రాలేదు. మార్కాపురంలోని నా రిపేరు దుకాణంలో నేనూ, కంభం అవతల పల్లెలో నాటుకోళ్లు పెంచే ఒకమ్మాయీ ఉన్నాం, అంతే.

అది దసరా మరునాడు. గుడ్లు పొదిగే మిషను బోర్డును ఆ అమ్మాయి చీర కొంగులో చుట్టి తెచ్చింది. వేడి ఎంత ఉండాలో చూసుకునేది ఆ బోర్డే. కరెంటు ఒక్కసారిగా ఎక్కువై అందులోని ప్రోగ్రాం పోయింది.

"గుడ్ల మీద గొంగడి కప్పి, బల్బు పెట్టి వచ్చినా పెదనాయనా. రేపో ఎల్లుండో పిల్లలయ్యేటివి. ఎంతసేపు పడతాది?"

"నువ్వు టీ తాగి గలాసు కింద పెట్టేలోపల."

"ఇంకెక్కడన్నా తొందరగా చేస్తారేమో?"

"ఎక్కడమ్మా! ఈ మిషను ఈ చుట్టుపక్కల నా కాడ తప్ప లేదు."

నేను మిషనన్నది అగ్గిపెట్టెంత అడాప్టర్‌ను. కంప్యూటర్‌లోని ప్రోగ్రామును చిప్పులోకి ఎక్కించేది అదే. ముందురోజు ఆయుధపూజలో స్క్రూడ్రైవర్లకు పెట్టినట్టే దానికీ తడి పసుపూ కుంకుమా దండిగా పెట్టాను. తీరా తగిలిస్తే, అడాప్టర్‌కు కొత్త ప్రోగ్రాం వచ్చింది, వేయమంటారా అని కంప్యూటర్ అడిగింది. అవసరం లేదు. ఆ అమ్మాయి చూస్తోంది కదా అని నొక్కాను. పాతది చెరపడం సగంలో ఆగి, అడాప్టర్ మీది లైటు ఆరిపోయింది. ఎన్నిసార్లు తగిలించినా కంప్యూటర్ దాన్ని గుర్తించలేదు.

"ఏంది పెదనాయనా, అట్ల చల్లబడినావు?"

"పాడు కరెంటమ్మా," అన్నాను. మూత తీస్తే పిన్నుల మధ్య ఎర్రటి తడి.

స్పిరిటుతో తుడిచాను. అడాప్టర్‌లో పై ప్రోగ్రాం చెరిగినా అడుగున చెరగని చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. అడాప్టర్ లోపల రెండు లోహపు చుక్కలను పట్టకారు మొనతో కలిపి పట్టుకొని కేబుల్ తగిలిస్తే అది లేస్తుంది. ఏ రెండు చుక్కలో వెతికి పట్టేసరికి మధ్యాహ్నం దాటింది. పట్టకారు జారిపోతుంటే చివరికి నేను రెండు చేతులతో పట్టుకున్నాను, ఆమె కేబుల్ తగిలించింది. లైటు వెలిగింది. పాత ప్రోగ్రాం ఎక్కించి, ఆమె బోర్డు బాగుచేసి ఇచ్చేటప్పటికి దీపాలు పెట్టే వేళయింది.

పిల్లలన్నీ బతికాయని టీ బంకులో చెప్పాను. ఒక్కటీ బతకలేదు. ఆమె వెళ్లేసరికి ఊళ్లో కరెంటు లేదట, గొంగడి కింద గుడ్లు చల్లగా ఉన్నాయట. కొన్నాళ్లకు మార్కాపురం వచ్చినప్పుడు దుకాణం ముందు ఆగి తనే చెప్పింది.

"గిద్దలూరులోనూ ఉందంట గదా ఆ మిషను?"

ఉంది. నా దగ్గర పని నేర్చుకొని, నాతో గొడవపడి పోయి అక్కడ దుకాణం పెట్టుకున్నవాడి దగ్గర. పొద్దున్నే ఆ మాట చెప్పి ఉంటే ఆమె బోర్డు బాగుచేయించుకొని పొద్దుండగానే ఇల్లు చేరేది. వాడి పేరు నా నోట రావడం నాకిష్టం లేకపోయింది.

"తెలీదా నీకు?"

"తెలుసమ్మా."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. టీ తెప్పిస్తానన్నాను.

"వద్దులే పెదనాయనా, నీ టీ చానాసేపు పడతాది," అని బస్టాండు వైపు నడిచింది.