దోసెడు చాలన్న పిల్ల

ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా.

ఏటా క్లాసులో ఒక నాటకం ఆఖరి పేజీకి వచ్చేసరికి నేను పుస్తకంలోంచి తల ఎత్తను. మేడమ్ ఎంత లీనమై చెబుతారో అని పిల్లలు అనుకోవడం ఒకసారి చెవిన పడింది. లీనం కాదు. భయం. ఎవరో ఒకరు లేచి, ఈ మాట మీకెక్కడిది మేడమ్ అని అడుగుతారేమోనని. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. ఇక అడగరు కూడా. అడగరని తెలిసిన కొద్దీ లోపల బరువు పెరుగుతోంది. అందుకే మీతో చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. ఆ మాత్రం చాటు లేకపోతే ఇది కూడా రాసేదాన్ని కాదు.

నేను కృష్ణ కాలవల కింద పుట్టి పెరిగినదాన్ని. డెబ్బైల నడుమ అనంతపురంలో ఒక ఆడపిల్లల కాలేజీలో ఇంగ్లీషు చెప్పడానికి వచ్చాను. తొందరగా బదిలీ చేయించుకుని వెళ్ళిపోవాలనే ఆలోచనతోనే వచ్చాను. ఇక్కడి ఎండ, ఇక్కడి దుమ్ము, ఇక్కడి మాట, ఏదీ నాకు నచ్చలేదు. నచ్చలేదని పిల్లలకు తెలిసేలాగే ఉండేదాన్ని. చిన్న వయసు. చదువుకున్నానన్న గీర.

బి.ఏ. పిల్లలకు ఒక అమెరికా నాటకం పాఠంగా ఉండేది. పేరు చెప్పను. చెబితే నన్నెరిగినవాళ్ళకు నేనెవరో తెలిసిపోతుంది. కథ మాత్రం చిన్నది. వానల్లేని మైదానంలో ఒక ముసలి తల్లి, ఇద్దరు కొడుకులు. బావి ఎండిపోయింది. పొలం వదిలి పోదామంటారు కొడుకులు. ఆమె కదలదు. చివరికి పొలం స్వాధీనం చేసుకోవడానికి కంపెనీ మనిషి వచ్చి గుమ్మం ముందు నిలబడతాడు. ఆమె లోపలికి వెళ్ళి, ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క బకెట్ నీళ్ళు తెచ్చి, అతని కాళ్ళ ముందు పోసేస్తుంది. ఒక్క మాటైనా అనదు. అతను తల దించుకుంటాడు. తెర పడుతుంది.

ఎందుకు పోసింది? పరీక్షలో వచ్చే ప్రశ్న అదే. నేను చదువుకున్నప్పుడు మా ప్రొఫెసర్ చెప్పిన జవాబు నా దగ్గర సిద్ధంగా ఉండేది. నీళ్ళు ప్రాణానికి గుర్తు, ఆమె ఓడిపోయింది, మతి చలించింది, మిగిలిన ప్రాణాన్ని నేలపాలు చేసింది. ఇదే చెప్పాను. పిల్లలు రాసుకున్నారు. అది సరైనదా కాదా అని నన్ను నేను ఎప్పుడైనా అడిగానా? లేదు. ఒకరు చెప్పింది విన్నాను, అదే చెప్పాను.

ఒక ఏడు ఆ నాటకాన్ని తెలుగు చేసి మా పిల్లలతో ఆడించాలని సరదా పుట్టింది. పొలాన్ని మన పొలం చేశాను, బకెట్‌ని బిందె చేశాను. తల్లి వేషం ఆదిలక్ష్మికి ఇచ్చాను. అసలు పేరు అది కాదు. ఆమె కోసమే మార్చాననుకున్నాను. నా కోసమేనేమో.

ఆదిలక్ష్మిది పామిడి దగ్గర, పెన్న ఒడ్డున ఒక పల్లె. ఒడ్డు అంటే ఒడ్డే. ఏట్లో ఏడాదిలో ఎక్కువ నాళ్ళు ఇసకే. వాళ్ళ నాయనకు వేరుశనగ చేను. ఆ ఊళ్ళో కాలేజీకి వచ్చిన మొదటి ఆడపిల్ల. పొడుగ్గా, ఎముకలు తేలి ఉండేది. ఇంగ్లీషు చదివేటప్పుడు తడబడేది. ఆ తడబాటే నాకు కనిపించింది. ఇంకేదీ కనిపించలేదు. లేక, కనిపించినా ఒప్పుకోబుద్ధి కాలేదా?

ఒకనాడు రిహార్సల్లో ఆమె బిందె కింద పెట్టి నిలబడిపోయింది.

“మేడమ్, ఈమె ఓడిపోయి పోయలేదేమో మేడమ్” అంది.

“మరి?”

“ఇస్తాండాది మేడమ్. మావైపు ఏదన్నా దానమిచ్చేటప్పుడు నీళ్ళు పోసి ఇస్తారు గదా. పెండ్లిలో పిల్లనిచ్చేటప్పుడు గూడా అంతే గదా. వాడు గుంజుకోనీక వచ్చినాడు. ఈమె గుంజుకోనీలేదు. నేనే ఇచ్చినా, నువ్వు తీసుకున్యావు అని ధారపోసింది. ఇంకేముండాది మేడమ్, వాడు గెల్చినోడు కాదు, దానం పట్టినోడు.” కింద పెట్టిన బిందె చూపించి, “అందుకే బిందెడు వొద్దు మేడమ్. దోసెడు చాలు. దానమిచ్చేటోళ్ళు ఎవురన్నా బిందెలు కుమ్మరిస్తారా?” అంది.

ఇప్పుడు ఒప్పుకోగలను. ఆ క్షణంలోనే తెలిసింది, ఈ పిల్ల చెప్పిందే సరి అని. అమెరికాలో ధారపోయడం ఉందా లేదా అన్నది కాదు. ఆ మౌనం, ఆ గుమ్మం, ఆ కంపెనీ మనిషి తల దించుకోవడం, అన్నీ ఆ ఒక్క మాటతో ఒకచోటికి వచ్చి కూర్చున్నాయి. కానీ నేను ఏమన్నానో తెలుసా?

“నువ్వు నాటకం ఆడుతున్నావా, పెళ్ళి చేయిస్తున్నావా?” అన్నాను. పిల్లలంతా నవ్వారు. ఆదిలక్ష్మి కూడా నవ్వింది, మొహం ఎర్రబడి. “పుస్తకంలో బకెట్టంతా పోసింది. నువ్వూ బిందెడు పోసెయ్” అన్నాను.

అప్పటికి అది చిన్న గర్వమే. అక్కడితో ఆగిపోయి ఉంటే మీకు ఇదంతా చెప్పే పని ఉండేది కాదు.

ఏటా కాలేజీ పిల్లలూ నేనూ ఏదో ఒక పల్లెలో వారం రోజులు సేవ చేయడానికి వెళ్ళేవాళ్ళం. “ఈ తూరి మా ఊరికి పోదాం మేడమ్” అని ఆదిలక్ష్మే అడిగింది. ఆఖరి రోజు సాయంత్రం బడి ముందు నాటకం వేద్దామంది. వాళ్ళ అమ్మానాయనలు చూడాలని. సరేనన్నాను.

అది కరువు ఏడు. బావుల్లో నీళ్ళు లేవు. పెన్న ఇసకలో ఆడవాళ్ళు చెలమలు తవ్వి, గుంటలో ఊట ఊరేదాకా కూర్చుని, గిన్నెతో తోడి బిందె నింపుకునేవాళ్ళు. వారం రోజులూ నేను ఆ దారి వెంటే తిరిగాను. చూశాను. చూసి కూడా, ఆ ఎండిన ఏరు నాటకానికి ఎంత బాగా అమరిందో అనుకున్నాను. అలా అనుకున్నానని రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు. కానీ అనుకున్నాను.

నాటకానికి ముందు ఆదిలక్ష్మి వాళ్ళ అమ్మ నిండు బిందె తెచ్చి బడి వసారాలో దించింది. ఆట అయ్యాక పిల్లలు తాగుతారని. ఆమె వెళ్ళాక, ఆటలో పోయడానికి ఆ బిందే తీసుకోమన్నాను. ఆదిలక్ష్మి నా దగ్గరికి వచ్చింది.

“మేడమ్, ఈ నీళ్ళు వొద్దు మేడమ్. దోసెడే పోస్తా. ఈడోళ్ళు చూడలేరు.”

“చూడలేకపోవాలి. నాటకం అంటే అదే” అన్నాను.

ఎంత చక్కగా అన్నానో. అలాంటి మాటలు నాకు బాగా వచ్చు.

పొద్దు వాలుతుండగా మొదలైంది. ఊరంతా వచ్చింది. పిల్లలు బాగా చేశారు. ఆదిలక్ష్మి తల్లి వేషంలో వంగి నడుస్తుంటే, ముందు వరసలో కూర్చున్న ముసలమ్మలు అయ్యో అంటున్నారు. వాళ్ళ నాయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి చూస్తున్నాడు. ఆఖరి ఘట్టం వచ్చింది. కంపెనీ మనిషి గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆదిలక్ష్మి బిందె ఎత్తుకుని వచ్చింది. కింద పెట్టింది. దోసిలి పట్టి, అందులో నీళ్ళు తీసుకుంది.

జనం ముందుకు వంగి చూశారు. వాళ్ళకు అర్థమైంది. నేను పక్క నుంచి వాళ్ళ మొహాలు చూశాను, వాళ్ళకు అర్థమైంది. ఇంకొక్క క్షణం నేను ఊరికే ఉంటే చాలు.

ఆదిలక్ష్మి నా వైపు చూసింది. అడుగుతున్నట్టు. నేను చెయ్యి తిప్పి చూపించాను. బిందె వంచు. ఆమె కదల్లేదు. మళ్ళీ చూపించాను, పళ్ళు బిగించి. నా మాట కాదనడమా అన్న కోపం తప్ప ఆ క్షణంలో నాలో ఏముంది? నాటకమా? అర్థమా? ఏమీ లేదు.

ఆమె దోసిట్లో నీళ్ళు బిందెలోకే జారవిడిచి, బిందెను రెండు చేతులా ఎత్తి కుమ్మరించింది.

నేల నీళ్ళను లాగేసుకుంటున్న చప్పుడు వినిపించిందంటే నమ్మండి. తర్వాత ఒక ముసలామె లేచి పరుగున వచ్చి, తడి మీద కూలబడి, కొంగు అద్ది, దాన్ని ఖాళీ బిందెలోకి పిండడం మొదలుపెట్టింది. నాటకమో నిజమో ఆమెకు తేడా లేదు. ఆమె పిండుతుంటే బిందెలో చుక్కలు పడిన శబ్దం. అప్పుడు లేచారు జనం. తిట్లు. ఆదిలక్ష్మి వాళ్ళ అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది. “నీ కూతురు సదువుకుని నేర్చుకున్యేది ఇదేనా?” అని ఎవరో ఆమెను అడుగుతున్నారు.

ఊరి పెద్ద ఒకాయన నా ముందుకు వచ్చాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

“ఏమ్మా, ఎవురు పోయమన్నారు?” అన్నాడు.

ఆదిలక్ష్మి నా పక్కనే నిలబడి ఉంది. చేతుల నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

“పుస్తకంలో ఖాళీ బిందేనండీ” అన్నాను. “అమ్మాయే ఆవేశంలో పోసేసింది. నేను వద్దనే చెప్పాను.”

ఇంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. వెతుక్కోలేదు. తడబడలేదు. ముందునుంచీ నాలుక మీదే ఉన్నట్టు వచ్చింది. భయపడ్డానని చెప్పుకున్నాను తర్వాత. జనం మీద పడతారేమో, మిగతా పిల్లలకు ఏమైనా అవుతుందేమో, బాధ్యురాలిని నేనే కదా అని. అబద్ధం. అక్కడ నన్నెవరూ ఏమీ చేసేవాళ్ళు కాదు. ఊరికొచ్చిన మేడమ్‌ని. మహా అయితే నాలుగు మాటలు అనేవాళ్ళు. ఆ నాలుగు మాటలు పడలేక పిల్లను ముందుకు తోశాను.

ఆదిలక్ష్మి నా మొహంలోకి చూసింది. ఆశ్చర్యపోయి చూసింది, అంతే. కాదు మేడమే పోయమన్నారు అని ఒక్క మాట అనలేదు. వాళ్ళ నాయన వచ్చి, తలపాగా చేత్తో పట్టుకుని, ఊరందరి ముందూ దండం పెట్టాడు. “చిన్నపిల్ల, తెలీక చేసింది” అన్నాడు. తర్వాత కూతురి వైపు తిరిగి, “సదువు సాలు. ఇంటికి పద” అన్నాడు.

ఆమె మళ్ళీ కాలేజీకి రాలేదు. నేను వెళ్ళి ఆయనతో మాట్లాడితే వచ్చేదేమో. బస్సెక్కితే ఎంత దూరం? వెళ్ళాలని చాలాసార్లు అనుకున్నాను. అనుకోవడంతోనే వెళ్ళినంత తృప్తి పొందాను. హాస్టల్లో ఆమె పెట్టెను మరో పిల్ల బస్సులో వేసి పంపింది.

దీన్ని మించింది ఇంకొకటుంది. అదీ చెప్పాలి.

కొన్నేళ్ళకు, ఎనభైలు మొదలయ్యాక, హైదరాబాదులో ఒక సదస్సుకు పిలిచారు. ఆ నాటకం ముగింపు మీద మాట్లాడమన్నారు. నా దగ్గర ఏముంది? మా ప్రొఫెసర్ చెప్పిన ఓటమీ, పిచ్చీ. అవి నాకంటే ముందు మాట్లాడినవాళ్ళే చెప్పేశారు. వేదిక ఎక్కి మైకు ముందు నిలబడ్డాక, ధారపోయడం అన్న మాట నా నోట వచ్చింది. వచ్చిందా? నేను తెచ్చానా? ముందు రాత్రే అది మనసులో మెదిలింది. వద్దనుకున్నాను. వద్దనుకుంటూనే వాక్యాలు సరిచేసుకున్నాను. గుంజుకోవడానికి వచ్చినవాడిని దానం పట్టినవాడిగా మార్చింది ఆ తల్లి అన్నాను. దానానికి దోసెడు నీళ్ళు చాలన్న సంగతి కూడా చెప్పాను. చప్పట్లు ఆగలేదు. అధ్యక్షత వహించిన పెద్దాయన కళ్ళు తుడుచుకుని, ఇది ఈ నేలలో పుట్టిన చూపు అన్నారు. ఎవరి నేల? నేనక్కడ మా విద్యార్థిని ఒకమ్మాయి చెప్పింది అని అని ఉంటే సరిపోయేది. ఒక్క వాక్యం. ఆ వాక్యం చెబితే ఆ అమ్మాయి ఏమైంది అని అడుగుతారు. అందుకే చెప్పలేదు.

ఆ ఉపన్యాసంతోనే నాకు పేరు వచ్చింది. మంచి ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ ఆ నాటకం అనగానే నా పేరు చెబుతారు.

ఆ తర్వాత ఆమెను ఒక్కసారే చూశాను. చీర కోసం ధర్మవరం వెళ్ళినప్పుడు, ఒక మగ్గాల ఇంట్లో. చేలు బీడు పడ్డాక పల్లెల నుంచి చాలామంది మగ్గం పనికి వచ్చారట. భర్త మగ్గం మీద, ఆమె రాట్నం దగ్గర దారం చుడుతూ. ఆమే నన్ను ముందు గుర్తుపట్టింది. లేచి, చాప వేసి కూర్చోమంది. పిల్లలు ఎంతమంది, అమ్మానాయనలు ఎలా ఉన్నారు అని నేను అడుగుతున్నాను.

“ఆ నాటకం ఇంకా చెప్తాండారా మేడమ్?” అంది ఉన్నట్టుండి.

“చెబుతున్నాను.”

“ఆఖర్న ఆమె నీళ్ళు ఎందుకు పోసిందని చెప్తాండారు?”

పారిపోయే దారి లేదు. “దానమిచ్చింది అని. లాక్కోనివ్వకుండా, తనే ధారపోసింది అని” అన్నాను.

రాట్నం తిప్పుతున్న చెయ్యి కాసేపు ఆగింది. “భలే చెప్పినారు మేడమ్” అంది. “అట్లే చెప్పండి.”

అంతే. మళ్ళీ దారం చుట్టుకుంటూ పోయింది.

మరిచిపోయిందా? తను చెప్పిన మాటేనని తెలియక మెచ్చుకుందా? తెలిసే అందా? ఆ మొహంలో వెతికాను, ఏమీ దొరకలేదు. ఆమె నాకు ఆ మాట ఇచ్చేసిందిలే అని కొన్నాళ్ళు సర్దిచెప్పుకోబోయాను. ఆమె ఏమీ ఇవ్వలేదు. నేను తీసుకున్నాను. అడగాల్సిన క్షణంలో, క్షమించమ్మా అనాల్సిన క్షణంలో, చీర అంచు బాగుందా అని మగ్గం వైపు చూశాను.

ఇంత రాశాక చూస్తే చెప్పాల్సింది రెండే వాక్యాలు. ఆ సాయంత్రం బిందెడూ పోయమన్నది నేను. నా పేరు మీద చెలామణీ అవుతున్న మాట ఆదిలక్ష్మిది.

ఇది చదివి మీరు నన్ను ఏమనుకున్నా కాదనను. రేపు క్లాసులో పిల్లల ముందు ఇదే చెప్పగలనా అంటే, తెలియదు. ధర్మవరం వెళ్ళి ఆమె ముందు కూర్చుని చెప్పగలనా అంటే, అదీ తెలియదు. ఇక్కడ మాత్రం చెప్పాను. ఇంతకాలం లోపల నేనొక్కదాన్నే వింటూ వచ్చిన మాట, ఇప్పుడు మీరూ విన్నారు.