పంచదార పొట్లాలు

"ఎక్కడ దాచావే ఆ పొట్లాలు?"

"నీకు దొరకని చోట. పోయి కాస్త నడిచి రా, ఈలోగా టిఫిను పెడతారు."

ముప్పై నాలుగేళ్ళ కాపురంలో మేమిద్దరం అనుకున్న ఆఖరి మాటలు ఇవి. ఆ తర్వాత కూడా ఆయన నోటి వెంట మాటలు వచ్చాయి గానీ, అవి నాతో అన్నవి కావు.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా ఆడపడుచు కూతురు రాస్తోంది. ఇది నా కూతురు చదవాలి. జగ్గయ్యపేటలో ఉంటుంది, బడిలో టీచరు. ఎదురుగా కూర్చుని చెబుదామని రెండుసార్లు నందిగామలో బస్సెక్కి వెళ్ళాను. రెండుసార్లూ దాని మొహం చూసి, తీసుకెళ్ళిన పచ్చడి డబ్బా చేతికిచ్చి, తిరిగొచ్చేశాను. కాగితం మీదైతే దాని మొహం నాకు కనపడదు.

ఆ మాటలు అనుకున్నది ఒక దీవిలో, అక్కడికి మమ్మల్ని తీసుకెళ్ళింది అల్లుడు. పేటలో అతనికి ఎరువులు, పురుగుమందుల కొట్టుంది. మందులు ఎక్కువ అమ్మిన కొట్లవాళ్ళని కంపెనీ వాళ్ళు ఎక్కడికో ఒకచోటికి టూరు తీసుకెళతారు. ఆ ఏడు అండమాన్ అన్నారు. నలుగురికి టిక్కెట్లు. వాళ్ళమ్మకి విమానమంటే భయం, మా మనవరాలిని చూసుకుంటూ ఇంట్లోనే ఉంటానంది. "అయితే మీరిద్దరూ రండి అత్తయ్యా" అన్నాడు అల్లుడు.

మాది చందర్లపాడు రోడ్డులో పల్లె. పత్తి, కాస్త మిరప. పత్తి రెండో తీత అయిపోయింది, మిరపకి ఇంకా టైముంది. మా ఆయన నాలుగు రోజులు ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు.

"నా పత్తిచేలో గులాబీ పురుగు చావలేదు గానీ, దాని పేరు చెప్పి మా అల్లుడు నన్ను సముద్రం దాటిస్తున్నాడయ్యా" అని.

ఆయనకి పదకొండేళ్ళుగా షుగరు. రెండు పూటలా ఇన్సులిన్ సూది. తీపి కనపడితే ఆగలేని మనిషికే ఆ జబ్బు రావాలా? గొడ్లచావిడిలో బెల్లం ముక్క దాచుకునేవాడు. నందిగామ బస్టాండు దగ్గర టీ హోటలాయనకి నేనే వెళ్ళి చెప్పాను, "ఆయనకి పంచదార వేశావంటే నీ పొయ్యి ముందు కూర్చుంటా, లేవను" అని. ఆ హోటలాయన నన్ను చూస్తే చాలు గ్లాసు దాచేవాడు. పదకొండేళ్ళు నేను చేసిన పని అదే, ఆయన నోటికీ తీపికీ మధ్య నిలబడటం.

అలాగని తీపి అక్కర పడే రోజు కూడా వస్తుందని నాకు తెలియక కాదు. ఒకసారి మిరపచేలో సూది వేసుకుని అన్నం ఆలస్యం చేశాడు. ఒళ్ళంతా చెమట, తాగినవాడిలా మాట. కూలికొచ్చిన ఆవిడ దగ్గర బెల్లముంటే నోట్లో పెట్టాను. పావుగంటలో లేచి కూర్చుని, "ఇంకో ముక్క ఉందా?" అన్నాడు. ఆ తర్వాత నందిగామ డాక్టరు గట్టిగా చెప్పాడు, సూది వేసుకున్నాక అరగంటలో తినాలి, జేబులో ఎప్పుడూ ఒక చాక్లెట్ ఉండాలి అని. అప్పట్నుంచి చొక్కా జేబులో చాక్లెట్ నేనే పెట్టేదాన్ని.

దీవికి వెళ్ళే పడవలోనే దాన్ని తినేశాడు. తిని, కాగితం తీసి నాకు చూపించాడు, చిన్నపిల్లాడు నాలుక చూపించినట్టు. నాకు ఒళ్ళు మండింది.

మధ్యాహ్నానికి ఆ రిసార్టుకి చేరాం. కొబ్బరితోటలో విడివిడిగా చెక్క ఇళ్ళు కట్టారు. మాకొకటి, కూతురికీ అల్లుడికీ కాస్త అవతల ఒకటి. గదిలో బల్ల మీద నీళ్ళు కాచుకునే కెటిలు, రెండు కప్పులు, పక్కన పళ్ళెంలో చిన్న చిన్న కాగితపు పొట్లాలు: టీపొడి, పాలపొడి, పంచదార. నేను మొహం కడుక్కుని వచ్చేసరికి ఆయన కప్పులో రెండు పొట్లాలు వేసుకుని మూడోది చింపుతున్నాడు.

"ఇదేంటయ్యా?"

"ఊరు కాని ఊరొచ్చాం. నా షుగరు నందిగామలో ఉండిపోయింది" అన్నాడు.

ఆ టీ బయట ఇసకలో పారబోశాను. అప్పుడే గది తుడిచే ఆవిడ వచ్చింది. మేం తెలుగు మాట్లాడుకోవడం విని ఆగిపోయింది. వాళ్ళది సికాకులం వైపు, తాతల నాడే వచ్చేశారట.

"ఏటమ్మా, ఇవి ఒద్దా మీకు?" అంది పళ్ళెం చూసి.

"మాకొద్దు. మొత్తం తీసుకుపో. మీ పిల్లలకి పాలల్లో వెయ్యి. రేపు మళ్ళీ పెట్టమాకు" అన్నాను.

పంచదార, పాలపొడి రెండూ ఆవిడ కొంగులో పోశాను. ఒక్కటి కూడా ఉంచలేదు. ఒక్కటి. మా ఆయన వరండాలో కూర్చుని సముద్రం చూస్తున్నాడు, ఆయనకి తెలియదు. నేనెక్కడో దాచాననుకున్నాడు.

ఇక్కడ నా ఆడపడుచు కూతురు పెన్ను ఆపేసింది.

"అత్తా, ఈ ముక్క వద్దులే. వదిన తట్టుకోలేదు."

"రాయి. ఈ ముక్క కోసమే కూర్చోబెట్టా నిన్ను."

ఇంటి దగ్గర మేం గడియారం చూసి లేవం. ఎదురింటి గోడ రంగు తెలిసేంత వెలుగు రాగానే ఆయన లేచి సూది వేసుకుంటాడు. స్నానం చేసి వచ్చేసరికి నేను పళ్ళెంలో వేడిగా ఏదో ఒకటి పెడతాను. పదకొండేళ్ళలో ఒక్కరోజు తప్పలేదు. టిఫిను ఏడింటికని ముందురోజు అల్లుడు చెప్పాడు. మా లెక్కకి అది సరిపోతుంది. వెలుగొస్తుంది, సూది, స్నానం, ఏడు.

ఆ దీవిలో పొద్దు మనకంటే గంట ముందు పొడుస్తుందని మాకెవరు చెప్పారు? దేశం ఒకటే, గడియారం ఒకటే, సూర్యుడు మాత్రం ముందొస్తాడట. తర్వాత ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పింది. ఇక్కడికొచ్చే ముసలివాళ్ళందరూ ఇలాగే తొందరగా లేచి తిరుగుతుంటారని.

వెలుగొచ్చింది. కిటికీలోంచి కొబ్బరి మట్టలు ఆకు ఆకూ తెలుస్తున్నాయి. ఆయన సూది వేసుకున్నాడు. స్నానాలు చేసి టిఫిను పెట్టే హాలు దగ్గరికి వెళితే తాళం. చుట్టూ నరపురుగు లేదు. మళ్ళీ గది మెట్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాం. మేం ఇంటి నుంచి తెచ్చిన చెక్కలు, జంతికలు కూతురి గదిలో సంచీలో ఉన్నాయి.

"అమ్మాయిని లేపనా?" అన్నాను.

"ఏడాదంతా బడికి పరిగెత్తే పిల్ల. పడుకోనీ" అన్నాడు. ఆ తర్వాతే పొట్లాల సంగతి అడిగాడు. నేను చెప్పిన జవాబు మొదట్లోనే రాయించాను.

కూతురు కొన్న కొత్త బనీను చొక్కా వేసుకుని సముద్రం వైపు వెళ్ళాడు. దానికి జేబు లేదు. నేను ముందురోజు విడిచిన బట్టలు పిండి వరండాలో ఆరేస్తూ కూర్చున్నాను. ఇంకా ఏడు కాలేదు, ఇంకా ఏడు కాలేదు అనుకుంటూ. ఎండ మాత్రం ఎనిమిదైనట్టు ఉంది. సూది వేసుకుని ఎంతసేపైందో అప్పుడు గుర్తొచ్చింది. చేతిలో ఉన్న లుంగీ వదిలేసి వెళ్ళాను.

బోర్లించిన పడవకి ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా తడిసి ఉంటే అలలో తడిశాడనుకున్నాను. చెయ్యి వేస్తే చల్లటి చెమట. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను చూడటం లేదు.

"మోటారు కట్టెయ్యండ్రా. మడి నిండిపోయింది. కట్టెయ్యండ్రా" అంటున్నాడు.

నాకు తెలిసిపోయింది. ఏమిటో తెలుసు, ఏం కావాలో తెలుసు. గుప్పెడు పంచదార. అంతే. ముందు అంత సముద్రం, అంతా ఉప్పే. నెత్తిన అన్ని కొబ్బరిచెట్లు, ఒక్క బోండం కిందపడి లేదు.

గదికి పరిగెత్తాను. ఇసకలో కాలు పడుతుంటే దిగిపోతోంది. పళ్ళెం దగ్గరికి వెళ్ళాను. టీపొడి పొట్లాలు నాలుగు. అవి తప్ప ఏమీ లేవు. పళ్ళెం ఎత్తి కింద చూశాను. నేనే ఇచ్చేశానని తెలిసి కూడా బల్ల కింద వెతికాను, పరుపు ఎత్తి వెతికాను. ఎంతసేపు వెతికానో తెలియదు.

అప్పుడు కూతురి తలుపు కొట్టాను. లోపల ఏసీ హోరు. మూడుసార్లు కొట్టాను. నాలుగోసారి కొట్టడానికి ఆగలేదు. ఆగి ఉంటే లేచేదేమో, ఆ సంచీలో చాక్లెట్లు కూడా ఉన్నాయని తర్వాత తెలిసింది. నేను ఆగలేదు. రాశావా? నేను ఆగలేదు అని రాయి.

హాలు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు. షుగర్, షుగర్ అని నోరు చూపించాను, సముద్రం వైపు చూపించాను. అతనికి అర్థమైంది, మంచివాడే. కానీ తాళాలు వంటమనిషి దగ్గరున్నాయి. అతను వంటమనిషి కోసం సైకిలు మీద వెళ్ళాడు. నేను మళ్ళీ సముద్రం వైపు పరిగెత్తాను. అప్పటికి ఆయన పక్కకి ఒరిగిపోయాడు. మోటారు మాట కూడా ఆగిపోయింది. పళ్ళు బిగుసుకున్నాయి.

కేకలు వేశాను. ఎవరెవరో వచ్చారు. పనిలోకి వస్తూ ఆ సికాకులం ఆవిడ కూడా చూసింది. దగ్గరికొచ్చి ఒక్క మాట అడిగింది, నేను చెప్పాను. వెనక్కి తిరిగి పరిగెత్తింది. వాళ్ళ ఇల్లు ఆ కొబ్బరితోట వెనకే. నేను కూర్చున్న చోటికి దాని రేకులు కనపడుతూనే ఉన్నాయి. మూట తెచ్చి ముడి విప్పింది.

"నిన్న నువ్విచ్చినవే అమ్మా. పిల్లలకి ఇంకా ఒక్కటీ ఇవ్వనేదు" అంది.

అవే పొట్లాలు. చింపి, వేలితో ఆయన చిగుళ్ళకి రాశాను. ఒకటి, రెండు, మూడు. నోట్లో తడి లేదు. పంచదార కరగలేదు. పలుకు పలుకుగా అలాగే ఉండిపోయింది, నా వేలికి గరగరమని తగులుతూ. ఆ తీపి ఆయన నాలుకకి తెలిసిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

కూతురూ అల్లుడూ అప్పుడు వచ్చారు. జీపులో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. సెలైన్లు పెట్టారు, సూదులు వేశారు. షుగరు బాగా పడిపోయి చాలాసేపు అలాగే ఉండటంతో గుండె ఆగిందన్నారు. ఎండ నడినెత్తికి రాకముందే అయిపోయింది. తిరిగి రావడం గురించి రాయించను. పడవలో పెట్టె, విమానంలో పెట్టె, అంతే.

నేను తలుపు కొట్టిన సంగతి అదే రోజు ఆస్పత్రి వరండాలో నోరు జారాను. "ఎన్నిసార్లు కొట్టావమ్మా?" అని అడిగింది కూతురు. "మూడుసార్లు" అన్నాను. పొట్లాల సంగతి మింగేశాను. అందరూ తలుపు గురించే మాట్లాడుతుంటే, దేవుడా, నాకు కాస్త ఊపిరాడింది. ఇదీ రాయి.

ఏడాది దాటింది. నా కూతురు ఇంట్లో ఏ తలుపూ వేయనివ్వదు. పగలైనా సరే. స్నానాలగది గడియ కూడా తీయించేసింది. ఏసీ అమ్మేశారు. బడిలో ఎవరైనా తలుపు తడితే లేచి నిలబడి వణుకుతోందని సెలవు పెట్టించారు. పోయినవారం అల్లుడు వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"అత్తయ్యా, నేను చెబితే వినట్లేదు. మా నాన్నని నేనే చంపుకున్నానంటోంది. మీరే ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు. అతనికి టీ ఇచ్చాను. నేను తాగలేదు. ఏడాదిగా తాగడం లేదు. "మీకూ షుగరొచ్చిందా?" అని అడిగాడు పాపం.

అమ్మా, నువ్వు తలుపు తీసినా తీయకపోయినా, ఆ పళ్ళెంలో నేను ఒక్క పొట్లం ఉంచి ఉంటే నీ తలుపు దాకా నేను రావలసిన పనే లేదు. ముందురోజే ఆయన్ని ఆ టీ తాగనిచ్చినా బాగుండేది, కనీసం ఆశ తీరేది. ఎవరూ ఆయన్ని చంపాలనుకోలేదు. నేనైతే బతికించాలనే అన్నీ తీసేశాను. కానీ తీసేసింది నేను. నువ్వు నిద్రపోయావు, అంతే. నాన్నే పడుకోనివ్వమన్నాడు.

"అత్తా" అంటోంది నా ఆడపడుచు కూతురు. కళ్ళు తుడుచుకుంటోంది. "ఇది చదివితే వదిన నీ మొహం చూస్తుందా?"

"చూడకపోతే చూడదు. ఆ తలుపు మోయడం కంటే నా మీద కోపం మోయడం తేలిక. గడియ పెట్టుకుని తిట్టుకోనీ నన్ను."

అది తల వంచుకుని రాసింది. ఏం రాసిందో నాకు తెలియదు. చదువుకున్న పిల్ల, మనసు మెత్తన. నేను అన్నదాన్ని కాస్త తిప్పి రాసినా నాకు కనిపెట్టడం రాదు. అక్షరాల మీద వేలు పెట్టి చూశాను. పంచదార అన్న మాట ఎక్కడుందో కూడా పోల్చుకోలేకపోయాను.

నువ్వు రాసిందంతా ఒకసారి మొదట్నుంచి నాకు చదివి వినిపించమ్మా. నేను కళ్ళు మూసుకుని వింటా. ఆ ఆవిడ కొంగులో పోశాను అన్న చోట మాత్రం గొంతు తగ్గించకుండా చదువు.