కారుకు దిష్టి చుక్క

మా పెద్దబిడ్డ చంకలో ఉన్న రోజులవి. మా ఆయన కిరాయికి తిప్పుదామని నారాయణఖేడ్‌లో ఒక పాత కారు కొన్నారు. ఇంజన్‌లో ఆయిల్ తగ్గితే వెలిగే ఎర్ర లైటు అందులో ఆరడమే లేదు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం సంగారెడ్డి ఆర్టీవో ఆఫీసుకు బయలుదేరే ముందు, నా నల్ల స్టిక్కర్ బొట్టు తెచ్చి ఆ లైటు మీద అంటించారు.

"ఇగ సార్‌కు కనవడదు, నడువు!"

బిడ్డను దవాఖానలో చూపించాలని నేనూ ఎక్కాను. దారంతా నా కళ్లు ఆ బొట్టు మీదే. లైటు కనిపించకపోయేసరికి పరేషాన్ ఇంకా ఎక్కువైంది.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కార్లో కూర్చోగానే బొట్టు చూపిస్తూ అడిగాడు. "గిదేంది?"

మా ఆయన కంటే ముందు నేనే "దిష్టి చుక్క సార్" అనేశాను.

ఇన్‌స్పెక్టర్ దిగి, బానెట్ ఎత్తి, ఆయిల్ చూసే కడ్డీ బయటికి లాగాడు. పొడిగా ఉంది.

"చుక్క ఉండాల్సింది ఈడనమ్మా! ఇంకొంచెం దూరం పోతే ఇంజన్ పట్టేస్తుండె. ఆయిల్ పోసుకొని మళ్ల రాండ్రి."

చుట్టూ ఉన్న డ్రైవర్లు పగలబడి నవ్వారు. నేను బిడ్డను గట్టిగా హత్తుకున్నాను.

ఇప్పటికీ అద్దం ముందు నేను నల్ల బొట్టు చేతిలోకి తీసుకుంటే చాలు, మా ఆయన వెళ్లి బానెట్ ఎత్తుతారు.