బాలమణి తోమిన హెడ్‌లైట్లు

2007 వేసవి మాట ఇది. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన నాకొక రేకుల షెడ్డు ఉండేది. బోర్డు మీద ‘డెంటింగ్ – పెయింటింగ్’ అని రాయించాను. కార్ల సొట్టలు తీయడం, రంగులు వేయడం నా పని. మొదటి మాట చదివించుకున్న ఒక ముసలమ్మ దవడ పట్టుకొని వచ్చి అరగంట బెంచీ మీద కూర్చుంది. నా చేతిలో సుత్తి చూశాక లేచి, “దీంతోని పీకుతవా బిడ్డా? ఒద్దులే, నొప్పి తక్కువైంది” అని వెళ్లిపోయింది. ఆ షెడ్డులో నేను మందు లేకుండా నయం చేసిన కేసు అదొక్కటే. రంగు పడితేనే నా పూట గడిచేది, రంగు బయటపడితే పరువు పోయేది. అంత సన్నటి గీత మీద నడిచిన బతుకు నాది.

అప్పుడు మా చుట్టుపక్కల భూములకు రెక్కలొచ్చిన కాలం. పొద్దున చేనుగా ఉన్నది సాయంత్రానికి వెంచర్ అయ్యేది. అంటే చేనంతా చదును చేసి, తెల్లరంగు వేసిన రాళ్లు పాతి, ప్లాట్లుగా అమ్మడం. భూములమ్మినవాళ్లు కార్లు కొన్నారు. కొత్తగా కొన్నవాళ్లు కొత్తగా గుద్దుకున్నారు. హైదరాబాదు అభివృద్ధి ఆ విధంగా నా షెడ్డు దాకా వచ్చింది.

సొట్టలతో పాటు నాకు ఇంకో పని బాగా తగిలేది. పాత హెడ్‌లైట్లను బాగుచేయడం. వెనకటి కార్ల లైట్లకు అద్దం ఉండేది. తర్వాత వచ్చినవాటికి పాలీకార్బోనేట్ అనే గట్టి ప్లాస్టిక్ పెట్టారు. దానిమీద కనపడని పల్చటి పూత ఒకటి ఉంటుంది. ఏళ్ల తరబడి ఎండలో నిలబడితే ఆ పూత పోయి, ప్లాస్టిక్ పచ్చబడి, మసకేస్తుంది. లోపల బల్బు వెలుగుతూనే ఉంటుంది గానీ రోడ్డు మీద వెలుతురు పడదు. బాగుచేయడమంటే చెడిన ఆ పైపొరను నీళ్లు పోస్తూ వాటర్ పేపర్‌తో అరగదీయడమే. వాటర్ పేపర్ అంటే తడిపి రుద్దే గరుకు కాగితం. ముందు ఎనిమిది వందల నంబరు, తర్వాత పదిహేను వందలు, ఆ తర్వాత రెండు వేలు. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. అంకె పెరిగేకొద్దీ మెత్తబడేది లోకంలో ఈ కాగితం ఒక్కటేనని ఆ భూముల రోజుల్లో నాకు బాగా తెలిసొచ్చింది. చివర కాంపౌండ్ అనే పేస్టుతో మెరుగుపెట్టి, క్లియర్ కోట్ కొడతాను. అది రంగులేని పూత. ఎండ నుంచి కాపాడుతుంది.

ఒకరోజు సుజాత అనే అమ్మాయి షెడ్డుకు వచ్చింది. తుర్కయాంజాల్‌లో ఒక బడిలో టీచరు. వాళ్ల నాన్న జంగయ్య మా ఊళ్లోనే పాత తెల్లకారు కిరాయికి నడుపుతాడు. దవాఖానలకూ పెళ్లిళ్లకూ ఆయన్నే పిలుస్తారు. ముఖపరిచయం ఉంది గానీ ఆయన బండి ఎప్పుడూ నా షెడ్డుకు రాలేదు.

“అన్నా, బాపు బండి లైట్లు సాఫ్ చెయ్యాలె. కానీ ఇంటికొచ్చి చెయ్యాలె. ఐతారం నాడు. బాపు బస్సుల మంచాల ఊరికి దినాలకు పోతుండు, ఇంట్ల ఉండడు.”

“ఆయన ఉంటే ఏమైతదమ్మా?”

“చెయ్యనియ్యడు. నేను నాలుగుసార్లు చెప్పిన. ఇనడు. పోయిన వారం ఏమైందో ఎరుకనా? తెల్లారుజామున ఒక ముసలమ్మను పట్నం దవాఖానకు తీస్కపోతుంటే రోడ్డు మీద కంకర కుప్ప కనవడలేదట. ఎక్కిచ్చిండు. బండి ఒక పక్కకు లేచిందట. ఎనుక సీట్ల ఆ ముసలమ్మ! ఇంకోసారి అది కుప్ప కాకుంట మనిషైతే?”

వేరే ఎవరైనా అయితే ‘ఆయన ఎందుకు చేయనివ్వడు’ అని అడిగేవారు. నేను అడగలేదు. పిసినారి అనుకున్నాను. కార్ల లోపల తుప్పు ఎక్కడుందో వేలితో తట్టి చెప్పగలను గానీ, మనుషుల దగ్గర పైరంగు చూసి మోసపోవడం నాకు మొదటినుంచీ అలవాటే.

ఆదివారం పొద్దున సామానంతా ఆటోలో వేసుకొని వెళ్లాను. ఇంటి ముందు రేకుల నీడలో కారు ఉంది. మొహం కడిగినట్టు శుభ్రంగా ఉంది, లైట్లు మాత్రం బాగా పచ్చబడ్డాయి. చుట్టూ రంగు చెడకుండా టేపు అంటించి, వంగి చూశాను. పచ్చదనం కింద ఇంకేదో ఉంది. రెండు లైట్ల మీదా గుండ్రంగా తిరిగిన గీతలు. ఒకదాని మీద ఒకటి, వందల కొద్దీ. ఆ గీతల్లోకి మట్టీ మసకా దిగిపోయి, చేతి ముగ్గుల్లా కనిపిస్తున్నాయి.

“ఇదేందమ్మా, లైట్లను బోళ్లు తోమినట్టు తోమిండ్రు! ఎవరిదీ పనితనం?” అని పెద్దగా నవ్వాను.

సుజాత కూడా నవ్వింది. “మా అమ్మదే అన్నా. దీపపు కుందులు తోమినంక అదే చింతపండు, బూడిద, కొబ్బరి పీచు తెచ్చి లైట్లను గూడ రుద్దేది. బాపు ప్రతిసారి లొల్లి పెట్టేటోడు.”

“మీ అమ్మకు నా షెడ్డుల ఉద్యోగం ఇయ్యాలె. నాకు గిరాకీ పెంచుతది” అన్నాను.

“అమ్మ పోయి రెండేండ్లయిందన్నా” అంది సుజాత, నవ్వు పూర్తిగా పోకుండానే.

వెంటనే పని మొదలుపెట్టాను. మాట జారినప్పుడు చెయ్యి గట్టిగా ఆడించడం నా పద్ధతి. ఇంకో పద్ధతి కూడా ఉంది నాకు. రెండు లైట్లను ఒకేసారి చేయను. ఒకటి పూర్తిగా మెరిపించి, రెండోది అలాగే ఉంచి, తేడా చూపిస్తాను. మెచ్చుకోలు రెట్టింపు వస్తుందని చిన్న ఆశ. కుడివైపుది ముందు పట్టుకున్నాను. గీతలు లోతుగా ఉన్నాయి, ఎనిమిది వందల నంబరు కాగితంతోనే చాలాసేపు పట్టింది. మధ్యాహ్నానికి మెరుగుపెట్టి తుడిచాను. లోపలి బల్బు, దాని చుట్టూ వెండి గిన్నెలాంటి రిఫ్లెక్టర్ స్పష్టంగా కనబడ్డాయి. నా చేతిమీదుగా అంత బాగా వచ్చిన పని తక్కువ. క్లియర్ కోట్ రెండోదానితో కలిపి చివర్లో కొడదామని ఎడమవైపుకు జరిగాను.

అప్పుడు గేటు చప్పుడైంది. సాయంత్రానికి గానీ రాడనుకున్న జంగయ్య, భుజాన తువ్వాలుతో నిలబడి ఉన్నాడు.

“ఎవలు జెయ్యమన్నరు?”

“నేనే బాపు” అంది సుజాత.

ఆయన ఆమెవైపు చూడలేదు. కారు ముందుకు వచ్చి, మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగి, కుడి లైటు మీద బొటనవేలితో మెల్లగా రాశాడు. “నున్నగయింది” అన్నాడు.

నేను, బుద్ధిమంతుణ్ని, అది మెచ్చుకోలు అనుకున్నాను. “అద్దం లెక్క అయింది కాకా. నీ మొకం చూస్కో!”

“నా మొకం చూస్కోని ఏం జేస్కోవాలె?” అని ఇంకా వంగాడు. “గీతలేవి?”

“పోయినయ్ కాకా, ఒక్కటి లేకుంట. ఎట్ల తోమిండ్రో గానీ, పానం పోయింది తీసేసరికి.” సుజాత కళ్లతో ఇండికేటర్ వేస్తూనే ఉంది. లైట్ల పనివాణ్నయి ఉండీ నేనది చూసుకోలేదు.

జంగయ్య కారు ముందు నేల మీద కూలబడ్డాడు. ఎవరితోనో చెబుతున్నట్టు అన్నాడు: “శుక్కురారం శుక్కురారం రుద్దేది. లైట్లు గూడ దీపాలే గదనేది. మొద్దుదానా, పిలాస్టిక్ ఖరాబ్ జేస్తున్నవని తిట్టేటోన్ని. నీకేమెరుక, దీపానికి మసి ఉండొద్దనేది.”

సుజాత ఆయన పక్కన కూర్చుంది. “నాకెందుకు చెప్పలేదు బాపు?”

“ఏమని చెప్పాలె? తెల్లారి లేచి గీకుడు గీతలు జూసుకుంట కూసుంటున్న అని చెప్పాల్నా? నవ్వుదువు.”

“నవ్వుతనా నేను?”

“జర సేపటి కింద నవ్వినం” అని నేను అనబోయి ఆగాను. ఆ రోజు నేను చేసిన మంచిపని అదొక్కటే కావచ్చు.

అసలు సంగతి ఆయనే చెప్పాడు. ఆయన భార్య బాలమణిని వాళ్ల చేలోనే పూడ్చిపెట్టారు. పైన సిమెంటు గద్దె కట్టి, దీపం పెట్టుకోవడానికి చిన్న గూడు వదిలారు. ఏడాది తిరగకముందే చేను వెంచర్‌కు పోయింది. అన్నదమ్ముల ఉమ్మడి భూమి. అందరూ సంతకం పెట్టారు, ఆయనా పెట్టాడు.

“వెంచరోళ్లు సమాధి కాడ నాలుగు గజాలు ఇడిచిపెడ్తమన్నరు. కాయిదం మీద గుండ్రంగ గీసి గూడ చూపిచ్చిండ్రు. పెద్దలకు పెట్టే పెత్తరమాసకు దీపం తీస్కోని పోతే ఆడ రోడ్డుంది. రోడ్డు మీద ఏడ పెట్టాలె దీపం? తిరిగొచ్చిన.” తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “ఇగ ఈ గీతలే ఉండె. ఆడ నేను చెరిపిన. ఈడ నువ్వు చెరిపినవ్.”

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను తట్టుకునేవాణ్ని.

“ఎడమది ముట్టుకోను కాకా” అన్నాను. “ఈడికే ఆపుత.”

సుజాత తల అడ్డంగా ఊపింది. ఏడుస్తూనే, గట్టిగా మాట్లాడింది. “ఒక్క లైటుతోని నడుపుతవా బాపు? ఆ కంకర కుప్ప యాదికున్నదా? ఆ ముసలమ్మకేమన్న అయితే ఆమె బిడ్డకు నువ్వేం జెప్పేటోనివి? మా అమ్మ గీతలున్నయని చెప్పేటోనివా?”

జంగయ్య తల దించుకున్నాడు.

అప్పుడు నాకొక ఉపాయం తోచింది. హెడ్‌లైట్ వెలుతురు నడిమి నుంచి పోతుంది. పక్కన, చక్రం మీది రేకు, అంటే ఫెండర్‌వైపు మూలతో దానికి పని లేదు. “కాకా, ఈ మూలకు టేపు ఏస్త. రూపాయి బిళ్లంత జాగ ఇడిచిపెడ్త. గీతలు గట్లనే ఉంటయి, రోడ్డు గూడ కనవడ్తది.”

ఆయన తలెత్తి నన్ను చూశాడు. “వాళ్లు గూడ గట్లనే అన్నరు” అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని టేపు జేబులో పెట్టుకున్నాను.

“ఇడిచిపెడితే అది ఎన్నొద్దులుంటది? నిజం చెప్పు.”

చెప్పాను. పూత లేని చోట ఎండకు పగుళ్లు వస్తాయి. ఏడాదో రెండేళ్లో. ఆ పగులు మిగతా భాగానికీ పాకవచ్చు. గీతలు ఎలాగూ మిగలవు.

“అయితే ఒద్దు” అని, చెయ్యి చాపాడు. “ఆ కాయిదం ఇటు తే. ఎవలో చెరిపేది లేదు ఈసారి. నేనే తీస్త.”

ఎనిమిది వందల నంబరు కాగితం తడిపి ఇచ్చాను. గొంతుక్కూర్చొని ఎడమ లైటు మీద రుద్దడం మొదలుపెట్టాడు. మా పనిలో గుండ్రంగా రుద్దకూడదు. ముందు అడ్డంగా, తర్వాతి కాగితంతో నిలువుగా రుద్దాలి. అలాగైతేనే ముందటి గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. ఆయన గుండ్రంగా రుద్దుతున్నాడు. కుంది తోమినట్టు. చెప్పడానికి నోరు తెరిచాను, మూశాను. నా నోరు సమయానికి మూతపడిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

సుజాత చెంబుతో నీళ్లు పోసింది. పచ్చగా, పాలలా చిక్కటి నీళ్లు బంపర్ మీదుగా కారి నేలలో ఇంకాయి. కొంతసేపయ్యాక ఆయన కాగితం ఆమెకిచ్చి, “నువ్వు గూడ ఒక చెయ్యి ఎయ్యి” అన్నాడు. ఆమె రుద్దింది. ఆయన నీళ్లు పోశాడు. గీతలు ఒక్కొక్కటిగా పోతుంటే ఆయన వాటినే చూస్తూ కూర్చున్నాడు. చివరిది పోయాక లేచి, “ఇగ నీ పని నువ్వు చెయ్యి” అని ఇంట్లోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

మిగతా కాగితాలు, కాంపౌండ్, క్లియర్ కోట్ అన్నీ నేనే పూర్తి చేశాను. పూత ఆరేవరకు అక్కడే కూర్చున్నాను. సుజాత పిలిస్తే ఆయన బయటికి వచ్చి, బండిలో కూర్చొని లైట్లు వేశాడు. ఎదురుగా గోడ మీద రెండు వెలుతుర్లూ సమానంగా పడ్డాయి. “మంచిగ పడ్తున్నయ్” అన్నాడు. ఆపేశాడు. మళ్లీ వేయలేదు.

జంగయ్య ఆ తర్వాత కూడా కొన్నేళ్లు బండి నడిపాడు. సాగర్ రోడ్డు మీద ఎదురైతే తల ఊపేవాడు. ఒకసారి బంపర్ విరిగితే బండిని అవతలి షెడ్డుకు తీసుకుపోయాడు. అక్కడి వాడే నాకు చెప్పాడు. నాకు కష్టం కలగలేదు. నా దగ్గరికి వచ్చి ఉంటేనే ఆశ్చర్యపోయేవాణ్ని.

పనివాడిగా నేను నేర్చుకున్నది ఇది. బాలమణి చేసిన పనీ, నేను చేసే పనీ ఒకటే. ఇద్దరమూ గరుకైనది పెట్టి రుద్ది వెలుగు రప్పించాలనుకున్నాం. పాలిష్ అంటే గీతలు లేకపోవడం కాదు, కంటికి ఆననంత సన్నటి గీతలు పెట్టడం. ఆమె మొదటి కాగితం దగ్గర ఆగిపోయింది, అంతే తేడా. ఆమెను చూసి నవ్వే హక్కు నాకు లేదు. ఇంకొకటి, చెడిపోయిందీ దాచుకున్నదీ ఒకే పొరలో ఉంటే, ఒకటి ఉంచి ఒకటి తీసే కాగితం ఏ నంబరులోనూ దొరకదు. తీయాల్సిందే అయినా, తీసే చెయ్యి ఎవరిదో అడిగి తెలుసుకోవాలి.

అందుకే ఇప్పుడు ఎవరు పాత బండి తెచ్చినా, టేపు చేతికి తీసుకోకముందే ఒక మాట అడుగుతాను: “ఈ బండిని ఇంట్ల ఎవరు కడుగుతరు?” చాలామంది నవ్వుతారు. పిల్లలని కొందరు, ఎవరూ కడగరని కొందరు చెబుతారు. ఎప్పుడో ఒకరు మాత్రం జవాబు చెప్పకుండా బండివైపు తిరిగి చూస్తారు. వాళ్ల బండి ఆ రోజు ముట్టుకోను. ఇంటికి తీసుకుపోయి, బాగా చూసుకొని, రేపు రమ్మంటాను.