గురువారం వెనిస్ కాల్

లేదు, నాకు కోపం ఎక్కువ కాబట్టే అలా జరిగిందని మాత్రం అనొద్దు. అందరూ అదే అంటారు. మా అమ్మ అంటుంది, మా సూపర్‌వైజర్ గారు అంటారు, నేను అద్దెకున్న ఇంటి పిన్నిగారు కూడా అంటారు. కోపం ఎంతసేపుంటుంది? ఒక నిముషం. నేను ఆ పని చేసింది ఒక్క నిముషంలోనే, ఒప్పుకుంటాను. కానీ ఏడేళ్ళు దాన్ని దాచింది కోపం కాదు కదా. గొంతులో దిగిన చేపముల్లులా ఉంది. అన్నం తింటున్నా గుచ్చుకుంటుంది, నవ్వుతున్నా గుచ్చుకుంటుంది. ఇవాళ మీకు చెప్పేస్తున్నాను. ఎందుకు మీకే అంటే, మీరు నాకు తెలీదు కాబట్టి.

నా పేరు చెప్పను. ఊరి పేరూ చెప్పను. అమలాపురం నుంచి బస్సులో ముప్పావుగంట, అంతే. అక్కడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. పుట్టింది పెరిగింది సికింద్రాబాదులో. ఇరవై రెండేళ్ళకి ఉద్యోగం వచ్చింది, తెచ్చి ఇక్కడ పడేశారు. ఇక్కడివాళ్ళు ఏం చెప్పినా ఆయ్ అంటారు, అవునండీ అని. తిట్టినా ఆయ్ అంటారు. ట్రంక్ కాల్ మూడు గంటలు ఆలస్యమైందంటే, పర్లేదులెండి మీకు శ్రమ అంటారు. నాకు ఒళ్ళు మండేది. మనసు విప్పి మాట్లాడే మనిషి లేక, డ్యూటీ అయిపోయాక కూడా ఫోన్ వదిలేదాన్ని కాదు. రాజమండ్రి ఆపరేటర్లతోనో కాకినాడ వాళ్ళతోనో కబుర్లు. చేతిలో ఫోన్ లేకుండా నన్ను ఎవరూ చూసుండరు.

కబుర్లే కాదు. కాల్స్ వినేదాన్ని. వినకూడదు. రూలుంది. అయినా వినేదాన్ని. ఊరి పెళ్ళిళ్ళూ తగాదాలూ అన్నీ నా చెవిలోంచే పోయేవి. తప్పా? తప్పే. అయితే అసలు తప్పు అది కాదు.

కమల అని పిలుద్దాం. అసలు పేరు కాదు. ఆత్రేయపురం ఆడపిల్ల. మా ఊరి కొబ్బరి వ్యాపారి కోడలు. వాళ్ళాయన ఓడలో ఇంజనీరు. డెబ్బై తొమ్మిది చివర్లో ఆయన ఓడని మరమ్మత్తుకని వెనిస్‌లో పెట్టారు. వీధుల్లో రోడ్ల బదులు నీళ్ళుండే ఊరు. ఆఫీసర్లు పది రోజులు భార్యల్ని తెచ్చుకోవచ్చన్నారంట. కమలకి అయిదో నెల. ఆయన ఉత్తరం రాశాడు. పాప పుట్టాక ఎక్కడికెళ్ళినా ముగ్గురం, మనిద్దరమే గడిపే చలికాలం ఇదొక్కటే, వచ్చెయ్ అని. పాపే పుడుతుందని ఆయనకెవరు చెప్పారో తెలీదు. డాక్టరమ్మ వెళ్ళచ్చంది. పాస్‌పోర్టు పెళ్ళైన కొత్తల్లోనే చేయించాడు.

ఇంట్లో ఒప్పుకోలేదు. కడుపుతో ఉన్న మనిషి ఏరు దాటకూడదు. వినడానికి చిన్న మాట. కోనసీమలో ఉండి చూడండి. మూడు పక్కలా గోదారి, నాలుగో పక్క సముద్రం. ఎటెళ్ళాలన్నా ఏదో ఒక పాయ దాటాలి. అంటే తొమ్మిది నెలలూ ఇక్కణ్ణించి కదలకూడదని. వాళ్ళత్తగారయితే, "పడవే ఎక్కాలనుంటే బోడసకుర్రు రేవుకెళ్ళవే, దానికి అంత దూరం ఎందుకు" అందంట. కమల నాకు చెప్పి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

వాళ్ళింట్లో ఫోనుంది, ఇరవై ఏడో నంబరు. కానీ హాల్లో, మామగారి కుర్చీ పక్కన. అక్కడ నిలబడి మొగుడితో వస్తానని గానీ రానని గానీ ఎలా చెప్పగలదు? అందుకే నా దగ్గరికొచ్చింది. గురువారం పొద్దున్న పదకొండింటికి ఆయన కాల్ బుక్ చేస్తాడు, ఇంటికి కలపొద్దక్కా, నేను ఐనవిల్లి వినాయకుడి గుడికని చెప్పి ఎక్స్ఛేంజికి వచ్చేస్తాను, ఇక్కడే మాట్లాడతాను అంది. ఆయనకీ ఉత్తరంలో అలాగే రాసిందంట. సరేనన్నాను. మాటిచ్చాను. ఆ నెలంతా ఊళ్ళో నాతో మనిషిలా మాట్లాడింది ఆ ఒక్కతే. అక్కా అనేది. వాళ్ళమ్మ చేసిన పూతరేకులు తెచ్చేది. నాకో స్నేహితురాలు దొరికిందనుకున్నాను.

బుధవారం మామగారు ఇంట్లో లేని సమయం చూసి ఆమె కాకినాడలో ఉన్న వాళ్ళ చెల్లికి ఫోన్ చేసింది. నేనే కలిపాను. విన్నాను.

"ఆ ఎక్స్ఛేంజి పిల్లుంది కదే, మూతి ముడుచుకుని కూచుంటాది. రెండు పూతరేకులు పెట్టి అక్కా అంటే చాలు, ఏ లైనైనా కలిపేస్తాది" అంది కమల. చెల్లెలు అవతల నవ్వుతోంది. కమలే మళ్ళీ అంది, "దాన్నెవడు చేసుకుంటాడే. మొగుడు హలో అనేలోపు, మూడు నిముషాలైపోయిందండీ అని కట్ చేసేస్తాది."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

ఇప్పుడు చెప్పుకుంటే నాకూ నవ్వొస్తుంది. మంచి జోకే, ట్రంక్ కాల్‌కి మూడు నిముషాలు కాగానే మేం అలాగే అంటాం. అప్పుడు మాత్రం నా చెవుల్లోంచి పొగలొచ్చాయి. వినకూడనిది విన్నందుకు పడిన దెబ్బ అది. ఆ దెబ్బ గురించి ఎవరికీ చెప్పుకోలేను, ఎందుకంటే విన్నానని చెప్పాల్సొస్తుంది. నిజానికి అక్కాచెల్లెళ్ళు ఫోన్లో ఏం మాట్లాడుకుంటారు? ఇలాంటివే. నేను మా చెల్లితో వాళ్ళత్తగారి గురించి ఇంతకన్నా దారుణంగా మాట్లాడలేదా? మాట్లాడాను. అయినా ఆ రోజు అన్నం తినలేదు.

గురువారం కమల పదిన్నరకే వచ్చింది. గుమ్మం బయట బెంచీ మీద కూచుంది. పాదాలు వాచి ఉన్నాయి, చెప్పులు విప్పి ఒక కాలితో ఇంకో కాలు రుద్దుకుంటోంది. నా సీట్లోంచి కిటికీలో స్పష్టంగా కనిపిస్తోంది. పది గజాలు కూడా ఉండదు. సూపర్‌వైజర్ గారు టీకి వెళ్ళారు. పదకొండు దాటాక బొంబాయి, రాజమండ్రి మీదుగా వెనిస్ కాల్ వచ్చింది. కమల వాళ్ళాయన గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది.

"కమల వచ్చిందాండీ?"

"రాలేదండి."

"ఏమన్నా చెప్పమందాండీ? ఈరోజే కెప్టెన్ గారికి పేర్లివ్వాలి. వస్తానందా, రానందా, అదొక్కటీ చెప్పండి చాలు."

"రానన్నారండి. కడుపుతో ఏరు దాటనన్నారు."

"తనే అందాండీ?"

"ఆయ్. తనే అన్నారండి."

"సర్లెండి. ఒంట్లో బాగానే ఉంటుందాండీ?"

"బావున్నారండి."

"మంచిదండి. మీకు శ్రమిచ్చేను."

అంతే. రెండు నిముషాలు కూడా పట్టలేదు. నన్ను ఒక్క మాట తిట్టలేదు ఆ మనిషి. నిలదీసుంటే బాగుండేది, గట్టిగా అరిచి నువ్వెవరు చెప్పడానికి అనుంటే అప్పుడే నా నోరు జారి నిజం బయటపడేదేమో, కానీ ఆయన శ్రమిచ్చేను అన్నాడు, ఆ మర్యాదకి నా ఒళ్ళు ఇంకా మండింది. టికెట్ మీద పార్టీ నిరాకరించారు అని రాశాను. ప్రతి కాల్‌కీ ఒక టికెట్ కాగితం రాస్తాం, ఎవరు ఎక్కణ్ణించి ఎన్నింటికి చేశారో. అక్షరాలు ఎప్పట్లాగే గుండ్రంగా పడ్డాయి. అది తలుచుకుంటేనే నాకిప్పటికీ భయం వేస్తుంది.

బయటికెళ్ళి కమలతో, "లైను దొరకలేదంట" అన్నాను.

"పోన్లే అక్కా, ఇంకాసేపు చూస్తాను" అంది. సాయంత్రం నాలుగింటిదాకా చూసింది. నా టిఫిన్ డబ్బాలో పులిహోర సగం పెట్టాను. తింది. నేను పెట్టగలిగాను, ఆమె తినగలిగింది. ఎలాంటి మనిషిని నేను?

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. తెచ్చి నాకే చూపించింది. నువ్వు రానని చెప్పించావు, ఇక ఎప్పుడూ అడగను అని రెండు లైన్లు. కమల నా ఎదురుగా కూచుని, "మా మావయ్యే అక్కా. ఎప్పుడో ఇంటికి కాల్ వచ్చుంటాది, ఆయనే చెప్పేసుంటారు" అంది.

"అయ్యుండచ్చు" అన్నాను.

ఆ మాట కోపంలో అనలేదు. అప్పటికి కోపం పోయింది. భయంతో అన్నాను. ఉద్యోగం పోతుందని. అందుకే అంటున్నాను, నాకు కోపం ఎక్కువని అనొద్దని. పిరికితనం ఎక్కువ అనండి, పడతాను.

ఎవరు చెప్పేరని ఆమె ఆయన్ని అడగలేదు. ఎవరు చెప్పేరో ఆయన రాయలేదు. ఇద్దరికీ పౌరుషం. ఆ ఒక్క ప్రశ్న ఎవరో ఒకరు వేసుంటే ఆ నెలలోనే దొరికిపోయేదాన్ని. ప్రతి ఉత్తరానికీ ఈసారి దొరికిపోతాననే చూశాను. అడగలేదు. అందుకూ వాళ్ళ మీద నాకు కోపమే. మొగుడూ పెళ్ళాం ఒకర్నొకరు ఒక్క మాట అడుక్కోలేరా? నా అబద్ధాన్ని అంత తేలిగ్గా ఎలా నమ్మారు? ఇలా వాళ్ళని తిడుతూ ఎన్ని రోజులు నిద్రపోయానో.

వేసవిలో ఆడపిల్లే పుట్టింది. ఆయన వచ్చేసరికి దానికి ఏడో నెల. ఇప్పటికీ వస్తాడు, వెళ్తాడు. వచ్చినప్పుడు ఇద్దరూ పిల్ల గురించి మాట్లాడుకుంటారు. వెనిస్ ఊసెత్తరు.

మామగారి సంగతి చెప్పాలి. చెప్పకుండా ఆపేద్దామని రెండుసార్లు అనుకున్నాను.

పిల్లకి ఏడాది నిండాక ఒక మధ్యాహ్నం ఆయన ఎక్స్ఛేంజికి వచ్చారు. ఆ పెద్దమనిషి ఎప్పుడూ రారు, మనిషిని పంపుతారు. గుమ్మం దగ్గరే నిలబడ్డారు.

"అమ్మా, మీ కాయితాల్లో ప్రతి కాలూ రాసుంటాదంట గదండి. ఆ డిసెంబర్లో మా నంబరుకి పైదేశం నుంచి కాల్ రాలేదని, మేం చెయ్యలేదని ఓసారి మా కోడలికి చూపిస్తారాండీ? నాతో మాట్టాట్టం మానేసిందండి. కంచం పెట్టి వెళ్ళిపోతాది."

"మీరు వద్దనలేదాండీ?" అన్నాను. ఎందుకడిగానో తెలుసా? వద్దన్నానని ఆయన నోటితో వినాలని. వింటే నాకు సగం బరువు తగ్గుతుంది. ఎలాగూ వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు, నేను కొత్తగా చెడగొట్టిందేం లేదు అనుకోవచ్చు. ఏడాదిన్నరగా అలాగే అనుకుంటూ బతుకుతున్నాను.

"మొదట అన్నానండి. తరవాత అయ్యవారిని అడిగితే, గోదారమ్మకి పసుపూ కుంకం ఇచ్చి దాటొచ్చన్నారు. రావులపాలెం వంతెన మీంచి పంపుదామని కారు కూడా మాట్లాడేను. అబ్బాయి ఫోన్ చేసి రోజు చెప్పేక, కోడలికి ఒకేసారి చెబుదామనుకున్నానండి. ఇప్పుడు చెప్తే నమ్మట్లేదండి."

ఆ డిసెంబరు టికెట్ల కట్ట నా వెనక బీరువాలో ఉంది, పార్టీ నిరాకరించారు అని నేను రాసిన కాగితం కూడా అందులోనే. తాళం నా దగ్గరే ఉంది.

"పాతవి ఇక్కడుండవండి. రాజమండ్రి పంపేస్తాం" అన్నాను.

"అంతేనాండీ. సరేనండి" అని వెళ్ళిపోయారు.

రెండు నెలలకి ఆ కట్ట నిజంగానే రాజమండ్రి వెళ్ళిపోయింది. నేను చెప్పిన అబద్ధం అలా నిజమైంది. చూశారా, అదృష్టం కూడా నా పక్కనే ఉంది. ఎంత అసహ్యంగా ఉంటుందో అలాంటి అదృష్టం.

మొదటిది కోపంలో చేశాను, ఏడుస్తూ చెప్తే ఎవరో ఒకరు అర్థం చేసుకుంటారు. ఈ రెండోది? చేతిలో తాళం ఉండి, ఎదురుగా మనిషి ఉండి, ఆయన చెయ్యని తప్పు ఆయన నెత్తిన ఉంచి పంపడాన్ని ఏమంటారు? నాకు పేరు దొరకలేదు.

కమలకి చెప్తానా? తెలీదు. బదిలీకి రాసుకున్నాను, ఇంకా రాలేదు. ఆమె ఇంకా అక్కా అనే పిలుస్తుంది. మామగారికి ఇంకా కంచం పెట్టి వెళ్ళిపోతుంది. పోయిన వారం కూడా నాతో అంది, "ఆయన ఒప్పుకునేదాకా మాట్లాడనక్కా" అని. చెయ్యనిది ఆయనెలా ఒప్పుకుంటారు? నేను తలూపాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరెవరు క్షమించడానికి? ఇది రాస్తుంటే ఏడేళ్ళలో మొదటిసారి ఊపిరి లోపలిదాకా వెళ్ళింది. అంతే, అది చాలు. పేరు పెట్టకుండా రాశావు, ఆమెకి చెప్పాల్సింది మాకు చెప్పావు, ఇది కూడా పిరికితనమే అంటారు. తెలుసు. అనండి. కానీ తాళం చేతిలో పెట్టుకుని అబద్ధమాడిన మనిషి ఏడేళ్ళ తర్వాత నోరు తెరిచి, ఆ పెద్దమనిషి తప్పు చెయ్యలేదు, చేసింది నేను అని అంటుంటే, ఇది అసలు చెప్పినట్టే కాదని మీరనగలరా?